ఏ ప్రశ్నకు ఏ టెస్ట్? థీసిస్ రాసేవారు చేయవలసినవి, చేయకూడనివి

డేటా అంతా ఎక్సెల్‌లో ఎక్కించేశాక, థీసిస్ సమర్పణకు నెల కూడా లేనప్పుడు, "సార్, దీనికి ఏ టెస్ట్ వెయ్యాలి?" అంటూ స్టాటిస్టిక్స్ లెక్చరర్ గది ముందు నిలబడటం మన పీజీ విద్యార్థులకు మామూలైపోయింది. వైద్య కళాశాలలో ఎండీ చేసేవారైనా, వ్యవసాయ కళాశాలలో ఎమ్మెస్సీ చేసేవారైనా, ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీ చేసేవారైనా ఇదే వరస. అప్పటికి ఆయన చేయగలిగింది తక్కువ. గణాంకవేత్త రోనాల్డ్ ఫిషర్ 1938లో భారత గణాంక సదస్సులో అధ్యక్షోపన్యాసం చేస్తూ ఈ సంగతే చెప్పారు. ప్రయోగం ముగిశాక గణాంకవేత్తను పిలవడమంటే చాలాసార్లు శవపరీక్షకు పిలవడమేనన్నది ఆయన మాటల సారాంశం.

టెస్ట్ తప్పితే నష్టం రెండు రకాలు. పనిచేయని మందును పనిచేస్తుందని చెప్పడం ఒకటి, పనిచేసే మందును పక్కన పడేయడం మరొకటి. మొదటి దానివల్ల రోగికో రైతుకో చేటు. రెండో దానివల్ల పరిశోధనకు ఒప్పుకుని రక్తం ఇచ్చినవారి సహకారం, మీ రెండేళ్ల శ్రమ బూడిదలో పోసినట్టే. కింది జాగ్రత్తలన్నిటికీ మూలం ఒకటే. టెస్టును నిర్ణయించేవి ప్రశ్న అడిగిన తీరు, డేటా సేకరించిన తీరు. ఆ రెండూ డేటా రాకముందే తెలిసిపోతాయి కాబట్టి టెస్ట్ పేరు కూడా అప్పుడే తేలాలి.

చేయవలసినవి

1. ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి. "మధుమేహంపై మెంతుల ప్రభావం" అన్నది శీర్షికకు సరిపోతుంది కానీ ప్రశ్న కాదు. "టైప్ 2 మధుమేహం ఉన్నవారిలో, మామూలు మందులతో పాటు 12 వారాలు మెంతిపొడి తీసుకున్నవారికి హెచ్‌బీఏ1సీ సగటున ఎంత తగ్గింది, తీసుకోనివారికి ఎంత తగ్గింది, ఈ రెండింటికీ తేడా ఉందా?" అన్నది ప్రశ్న. రెండు వేర్వేరు గుంపులు, అంకెల్లో కొలిచే ఫలితం, సగటుల మధ్య పోలిక. టెస్ట్ పేరు సగం ఇక్కడే తేలిపోయింది.

2. ఫలితం ఏ రకానిదో గుర్తించండి. బీపీ, ఎకరా దిగుబడి, మార్కులు కొలతలు. పాసా ఫెయిలా, జబ్బు సోకిందా లేదా అన్నవి వర్గాలు. నొప్పి తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అన్నది వరస. ఇందులో ముందువెనకలు ఉంటాయి కానీ మెట్టుకూ మెట్టుకూ దూరం సమానమని చెప్పలేం. నెలకు ఎన్నిసార్లు మూర్ఛ వచ్చింది అన్నది లెక్కింపు. ఆపరేషన్ తర్వాత జబ్బు తిరగబెట్టడానికి ఎన్ని నెలలు పట్టింది అన్నది కాలం. ఈ చివరి రకంలో ఒక మెలిక ఉంది. అధ్యయనం ముగిసేనాటికి కొందరికి జబ్బు తిరగబెట్టనే ఉండదు, కొందరు మధ్యలో ఆస్పత్రికి రావడం మానేస్తారు. వీరిని తీసేసి మిగిలినవారి నెలలకు సగటు కడితే లెక్క తప్పుతుంది. ఈ పనికోసమే కాప్లాన్-మయర్ పద్ధతి, లాగ్-ర్యాంక్ టెస్ట్, 1972లో డేవిడ్ కాక్స్ ఇచ్చిన రిగ్రెషన్ ఉన్నాయి.

3. ఒకరినే రెండుసార్లు కొలిచారా, వేర్వేరు మనుషులను కొలిచారా తేల్చుకోండి. ఆరుగురు రోగుల సిస్టాలిక్ బీపీ మందుకు ముందు 148, 160, 172, 154, 166, 180 అనుకుందాం. నెల తర్వాత అదే వరసలో 143, 152, 166, 149, 160, 174. ప్రతి ఒక్కరికీ 5 నుంచి 8 దాకా తగ్గింది, సగటు తగ్గుదల 6. పెయిర్డ్ టి టెస్ట్ వేస్తే టి విలువ 13.4, పి విలువ 0.001 కన్నా తక్కువ. ఇవే అంకెలను రెండు విడి గుంపులనుకుని మామూలు టి టెస్ట్ వేస్తే టి 0.89, పి దాదాపు 0.39. ఎందుకిలా? ఈ ఆరుగురిలో ఒకరికీ మరొకరికీ 32 పాయింట్ల దాకా తేడా ఉంది. విడి గుంపుల టెస్టులో 6 పాయింట్ల తగ్గుదల ఆ తేడాలో కలిసిపోయింది. పెయిర్డ్ టెస్ట్ ఎవరిని వారితోనే పోలుస్తుంది కాబట్టి ఆ తేడా అడ్డురాదు.

ఫలితం అవును, కాదు రూపంలో ఉంటే ఇదే పని మెక్‌నెమార్ టెస్ట్ చేస్తుంది. శిక్షణకు ముందు 100 మంది తల్లుల్లో 40 మంది ఓఆర్ఎస్ సరిగా కలిపారు, శిక్షణ తర్వాత 55 మంది కలిపారు అనుకుందాం. ఈ రెండు అంకెలతో టెస్ట్ నడవదు. కొత్తగా నేర్చుకున్నవారు 20 మంది, ముందు సరిగా చేసి తర్వాత తప్పినవారు 5 మంది అని విడిగా తెలియాలి. మెక్‌నెమార్ చూసేది ఈ మారినవారినే. కాబట్టి ప్రతి తల్లికీ ఒక నంబరు ఇచ్చి, రెండు జవాబులనూ ఆ నంబరు కిందే నమోదు చేయండి. పేరూ నంబరూ లేకుండా ముందో కట్ట, తర్వాతో కట్ట ఫారాలు సేకరిస్తే ఈ టెస్టుకు దారి మూసుకుపోయినట్టే.

4. యూనిట్ ఏదో తేల్చుకోండి. భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో రెండు రకాల మేతలను పోలుస్తున్నారనుకోండి. ఒక్కో మేతకు 4 చెరువులు, చెరువుకు 50 రొయ్యల చొప్పున తూచితే 400 బరువులు వస్తాయి. కానీ శాంపిల్ 400 కాదు, 8. మేత వేసింది చెరువుకు, రొయ్యకు కాదు. ఒక చెరువులోని రొయ్యలన్నిటికీ నీరు, ఉప్పదనం, ఏరేటర్లు, సోకిన జబ్బు ఒకటే. 1984లో స్టువర్ట్ హర్ల్‌బర్ట్ పర్యావరణ పరిశోధనల్లో ఈ పొరపాటును ఎత్తిచూపి సూడోరెప్లికేషన్ అని పేరుపెట్టారు. చెరువుకొక సగటు తీసుకుని 4కు 4 పోల్చండి, లేదా చెరువును లెక్కలోకి తీసుకునే మిక్స్‌డ్ మోడల్ వాడండి. కొత్త బోధన పద్ధతిని ఒక సెక్షన్‌లో, పాతదాన్ని మరో సెక్షన్‌లో పెట్టి 60 మందికి 60 మందిని పోల్చేవారికీ ఇదే హెచ్చరిక.

5. మూడు, అంతకుమించి గుంపులుంటే ముందు అనోవా, తర్వాతే జంటల పోలిక. వ్యవసాయ పరిశోధనలో ఇది పాత అలవాటే. ఆర్‌బీడీలో (రాండమైజ్డ్ బ్లాక్ డిజైన్) ట్రీట్‌మెంట్లు, రెప్లికేషన్లు వేసి, ఎఫ్ విలువ సిగ్నిఫికెంట్ అయితేనే సీడీ (క్రిటికల్ డిఫరెన్స్) చూస్తారు. ట్రీట్‌మెంట్లు ఎక్కువైనప్పుడు మాత్రం సీడీ ఒక్కదాన్నే నమ్ముకోకండి. అన్నిటినీ అన్నిటితో పోల్చాలంటే టూకీ టెస్ట్, అన్నిటినీ ఒక్క కంట్రోల్‌తోనే పోల్చాలంటే 1955లో వచ్చిన డన్నెట్ టెస్ట్ వాడండి. ప్రయోగం బ్లాకుల్లో వేస్తే విశ్లేషణలోనూ బ్లాకులు ఉండాలి. స్ప్లిట్ ప్లాట్ వేసి ఆర్‌బీడీలా విశ్లేషిస్తే మెయిన్ ప్లాట్ ఫలితాలు తప్పుతాయి.

6. ముందు గ్రాఫ్ గీయండి. ఫ్రాన్సిస్ ఆన్‌స్కూంబ్ 1973లో నాలుగు చిన్న డేటా పట్టికలు తయారుచేశారు. నాలుగింటిలోనూ సగటులు ఒకటే, సహసంబంధం 0.816 ఒకటే. గీసి చూస్తే ఒకటి మామూలు సరళరేఖ ధోరణి, ఒకటి వంపు, మరొకదాంట్లో దారితప్పిన ఒక్క చుక్క రేఖను లాగేస్తోంది, ఇంకొకదాంట్లో ఆ ఒక్క చుక్క లేకపోతే సంబంధమే లేదు. అంకెల పట్టికలో ఈ తేడా ఒక్కటీ కనిపించదు.

7. టెస్ట్ పెట్టే షరతులు చదవండి. మామూలు టి టెస్ట్ రెండు గుంపుల విచలనమూ సమానమనుకుంటుంది. గుంపుల సైజులు, విచలనాలు రెండూ తేడాగా ఉంటే అది మోసం చేస్తుంది. వెల్చ్ టి టెస్టుకు ఆ షరతు లేదు. 'ఆర్'లో టి టెస్ట్ అడిగితే మామూలుగా వచ్చేది వెల్చ్‌దే. ఎస్‌పీఎస్ఎస్ పట్టికలో రెండు వరసలు ఉంటాయి, వెల్చ్‌ది రెండో వరస. ఆస్పత్రిలో ఉన్న రోజులు, సీఆర్‌పీ లాంటి కొలతలు ఒకవైపు తోకలా సాగుతాయి, అంటే డేటాలో ఒంపు ఉంటుంది. వాటికి లాగరిథమ్ తీసుకోవడమో మన్-విట్నీ వాడటమో చేయవచ్చు. ఒంపును పసిగట్టడానికి చాలామంది వాడే షపీరో-విల్క్ టెస్ట్ చిన్న శాంపిల్‌లో దాన్ని పట్టుకోలేదు, పెద్ద శాంపిల్‌లో పట్టించుకోనక్కర్లేని ఒంపును కూడా పట్టుకుంటుంది. దాని పి విలువ ఒక్కటే చూసి నిర్ణయించవద్దు.

8. గడుల్లో అంకెలు చిన్నవైతే ఫిషర్ ఎగ్జాక్ట్ టెస్ట్ వాడండి. నాలుగు గడుల పట్టికలో ఎదురుచూసే సంఖ్య ఏ గడిలోనైనా 5 లోపు ఉంటే కై స్క్వేర్ బదులు దీన్ని వాడటం వాడుక. 5 లోపు ఉండకూడనిది ఎదురుచూసే సంఖ్య, కనబడిన సంఖ్య కాదు. ఈ టెస్ట్ నడిచే తీరును ఫిషర్ 1935 నాటి పుస్తకంలో టీ కప్పులతో చూపించారు. కప్పులో ముందు పాలు పోశారో టీ పోశారో రుచితోనే చెప్పగలనని ఒకామె అన్నారు. 8 కప్పులు, అందులో 4 పాలు ముందు పోసినవి. 8లో 4 ఎంచుకునే దారులు 70. గుడ్డిగా చెప్పినా అన్నీ సరిపోయే అవకాశం 70లో 1, అంటే 0.014. నాలుగింట్లో కనీసం మూడు సరిపోయే అవకాశం 70లో 17, అంటే 0.24. ఒక్క కప్పు తప్పితే చాలు, ఆమె నైపుణ్యానికి రుజువు లేనట్టే. చిన్న శాంపిల్‌తో ఎంతవరకు చెప్పగలమో ఈ రెండు అంకెలు చెబుతాయి.

9. శాంపిల్ సైజు ముందే లెక్కకట్టండి. అమెరికాలో 1954లో సాల్క్ పోలియో టీకాను పరీక్షించినప్పుడు, ప్లసీబో ఇచ్చిన ప్రాంతాల్లో టీకా పొందిన 2,00,745 మంది పిల్లల్లో పోలియో వచ్చింది 57 మందికి, ప్లసీబో పొందిన 2,01,229 మందిలో 142 మందికి. లక్షకు 28, 71 అన్నమాట. గుంపుకు వెయ్యి మందితో చేసి ఉంటే రెండువైపులా ఒక్క కేసైనా కనిపించకపోవచ్చు, అంత మంచి టీకా కూడా పనికిరానిదిగా తేలిపోయేది. ఫలితం ఎంత అరుదైతే శాంపిల్ అంత పెద్దది కావాలి.

10. విశ్లేషణ ప్రణాళికను నమోదు చేయించండి. క్లినికల్ ట్రయల్ అయితే మొదటి రోగిని చేర్చుకోకముందే సీటీఆర్‌ఐలో (క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ - ఇండియా) నమోదు కావాలి, మన దేశంలో 2009 జూన్ నుంచి అది తప్పనిసరి. ముఖ్య ఫలితం ఏదో అక్కడ ముందే రాసి ఉంటుంది కాబట్టి తర్వాత గుట్టుగా మార్చే వీలుండదు.

ఒక్క చూపులో

- రెండు విడి గుంపులు, కొలత: వెల్చ్ టి టెస్ట్. ఒంపు ఎక్కువైతే లేదా వరస డేటా అయితే మన్-విట్నీ.
- ఒకే మనుషులు రెండుసార్లు, కొలత: పెయిర్డ్ టి టెస్ట్. తేడాలు ఒంపుగా ఉంటే విల్‌కాక్సన్ సైన్డ్ ర్యాంక్.
- మూడు, అంతకుమించి విడి గుంపులు, కొలత: అనోవా. ఒంపు ఎక్కువైతే క్రుస్కాల్-వాలిస్.
- ఒకే మనుషులు మూడు, అంతకుమించి సార్లు: రిపీటెడ్ మెజర్స్ అనోవా లేదా మిక్స్‌డ్ మోడల్. వరస డేటాకు ఫ్రీడ్‌మన్.
- రెండు వర్గాల మధ్య సంబంధం: కై స్క్వేర్. అంకెలు చిన్నవైతే ఫిషర్ ఎగ్జాక్ట్. జంటలైతే మెక్‌నెమార్.
- రెండు కొలతల మధ్య సంబంధం: సరళరేఖలా ఉంటే పియర్సన్, వరసలైతే స్పియర్‌మన్.
- ఎన్నో కారణాలు, అవును-కాదు ఫలితం: లాజిస్టిక్ రిగ్రెషన్. ఎస్‌పీఎస్ఎస్‌లో ఈ ఫలితాల్లో 'స్కోర్' అని ఒక నిలువు వరస కనిపిస్తుంది. ఆ స్కోర్ టెస్టును 1948లో ఇచ్చింది ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు.

చేయకూడనివి

1. అన్ని టెస్టులూ వేసి నచ్చినదాన్ని ఎంచుకోవద్దు. నిజంగా ఏ తేడా లేని చోట విడివిడిగా 20 టెస్టులు వేస్తే, కనీసం ఒకదాంట్లో పి విలువ 0.05 లోపు వచ్చే అవకాశం 64 శాతం. 2009లో క్రెయిగ్ బెన్నెట్ బృందం చచ్చిన సాల్మన్ చేపను ఎఫ్ఎంఆర్‌ఐ స్కానర్‌లో పెట్టి, మనుషుల ఫొటోలు చూపించింది. వేల టెస్టులకు సవరణ చేయకుండా చూస్తే చేప మెదడులో కదలిక ఉన్నట్టు వచ్చింది, సవరణ చేయగానే మాయమైంది. పోలికలు ఎక్కువైనప్పుడు హోమ్ సవరణో బెంజమినీ-హోచ్‌బర్గ్ సవరణో చేయండి, వేసిన టెస్టులన్నీ థీసిస్‌లో చెప్పండి.

2. గుంపులను జంటలు జంటలుగా టి టెస్ట్ చేసుకుంటూ పోవద్దు. అయిదు గుంపులుంటే పది జంటలు అవుతాయి. పై లెక్కే ఇక్కడా వర్తిస్తుంది.

3. డేటా చూశాక వన్ టెయిల్డ్ టెస్టుకు మారవద్దు. పి విలువ 0.08 వచ్చిందని దాన్ని సగం చేసి 0.04 అని రాయడం లెక్క కాదు, కనికట్టు. ఒకవైపు పోలిక సమంజసమైతే ఆ మాట సినాప్సిస్‌లోనే ఉండాలి.

4. గుంపు గుంపుకూ విడిగా పి విలువ చూసి పోల్చవద్దు. "మందు గుంపులో ముందు-తర్వాత తేడా సిగ్నిఫికెంట్, కంట్రోల్ గుంపులో కాదు, కాబట్టి మందు పనిచేసింది" అన్నది తప్పు తర్కం. ఒకదాంట్లో పి 0.04, మరొకదాంట్లో 0.07 వస్తే రెండు గుంపుల మధ్య తేడా ఉన్నట్టు కాదు. గుంపుల మార్పులను నేరుగా ఒకదానితో ఒకటి పోల్చండి. మొదటి కొలతను లెక్కలోకి తీసుకునే అంకోవా ఇంకా మంచిది. కంట్రోల్ గుంపు అసలే లేకుండా ముందు-తర్వాత పోలికతో మందును మెచ్చుకోవద్దు. బీపీ బాగా పెరిగినప్పుడు వచ్చినవారికి మందు ఇవ్వకపోయినా తర్వాతి కొలతలో కొంత తగ్గడం సహజం.

5. పి విలువ 0.05 దాటితే "తేడా లేదు" అని రాయవద్దు. తేడా ఉందని ఈ డేటా చూపలేకపోయిందన్నదే దాని అర్థం. రెండు మందులు సమానమని నిరూపించాలంటే ఈక్వివలెన్స్ లేదా నాన్ ఇన్‌ఫీరియారిటీ అధ్యయనం వేరుగా చేయాలి. ఒక్క గీతకు ఇటో అటో అని తీర్మానాలు చేయవద్దని అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో ప్రకటన విడుదల చేసింది. తేడా ఎంతో, దాని 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ ఎంతో రాయండి.

6. రెండు పరికరాలు ఒకే విలువ చూపుతున్నాయా అని సహసంబంధంతో తేల్చవద్దు. గ్లూకోమీటర్ ప్రతిసారీ ల్యాబ్ కన్నా 30 ఎక్కువ చూపినా సహసంబంధం సరిగ్గా 1 వస్తుంది. ఆ 30ని నమ్మి ఇన్సులిన్ మోతాదు పెంచితే రోగికి ప్రమాదం. ఇలాంటి పోలికకు బ్లాండ్, ఆల్ట్‌మన్ పద్ధతి ఉంది. ఇద్దరు డాక్టర్లు ఒకే ఎక్స్‌రేను ఒకేలా చదివారా అన్నదానికి కప్పా వాడండి.

7. కొలతలను అనవసరంగా ముక్కలు చేయవద్దు. వయసును 40 లోపు, 40 పైన అని కోస్తే 39కీ 41కీ తేడా ఉన్నట్టు, 41కీ 75కీ లేనట్టు అవుతుంది. సమాచారం పోతుంది, టెస్ట్ బలహీనమవుతుంది.

8. శాతాలను కై స్క్వేర్‌లో పెట్టవద్దు. అందులో పెట్టాల్సింది మనుషుల సంఖ్యలు. 20లో 8ని 40 శాతంగా మార్చి 40, 60 అని ఎక్కిస్తే 20 మందిని 100 మందిగా చూపినట్టే.

9. గుంపులన్నిటినీ కలిపి కుప్పచేసి తీర్పు చెప్పవద్దు. 1973లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పీజీ ప్రవేశాలు పురుష దరఖాస్తుదారుల్లో 44 శాతానికి, స్త్రీలలో 35 శాతానికి దక్కాయి. కై స్క్వేర్ వేస్తే తేడా చాలా గట్టిది. విభాగాల వారీగా చూస్తే స్త్రీలపై అలాంటి వివక్ష కనిపించలేదు. సీట్లు దొరకడం కష్టమైన విభాగాలకే స్త్రీలు ఎక్కువగా దరఖాస్తు చేశారు. ఇలాంటి చోట్ల మాంటెల్-హెన్‌జెల్ పద్ధతో రిగ్రెషనో వాడాలి.

10. "పి = 0.000" అని రాయవద్దు. సాఫ్ట్‌వేర్ మూడు దశాంశాల దగ్గర ఆపేసింది, అంతే. "0.001 కన్నా తక్కువ" అని రాయండి.

సినాప్సిస్‌పై గైడు సంతకానికి ముందు

ఈ నమూనాలో ఒక పేరా మీ సినాప్సిస్‌లో ఉందో లేదో చూసుకోండి: "ముఖ్య ఫలితం 12 వారాల్లో హెచ్‌బీఏ1సీ మార్పు. పోలిక రెండు విడి గుంపుల మధ్య, యూనిట్ రోగి. విశ్లేషణ అంకోవా, మొదటి హెచ్‌బీఏ1సీ విలువను లెక్కలోకి తీసుకుని. రెండువైపుల టెస్ట్, హద్దు 0.05. మిగిలిన ఫలితాలకు హోమ్ సవరణ."

అయిదు వాక్యాలు. ఇవి రాయలేకపోతున్నారంటే ప్రశ్న ఇంకా స్పష్టం కాలేదన్నమాట. డేటా సేకరణ వారం రోజులు వాయిదా వేసుకుని స్టాటిస్టిక్స్ విభాగానికి వెళ్లండి. ఈ దశలో వెళ్తే అక్కడి లెక్చరర్ మీ ప్రయోగాన్ని సరిదిద్దగలరు.